ఖలాస్ అని రాయను

మా ఆఫీసులో పని అయిపోతే అందరూ ఒకే మాట రాసేవాళ్లు: ఖలాస్. కోడ్‌లో ఏది మార్చినా, దాన్ని గిట్‌లో, అంటే మార్పులన్నీ నమోదయ్యే ఖాతాలో, భద్రం చేసేటప్పుడు ఎందుకు మార్చామో ఒక వాక్యం రాయాలి. మావాళ్లకు అది దండగ పని. పైనుంచి కిందిదాకా ఖలాస్, ఖలాస్. నేనొక్కదాన్నే ఏం చేశానో, ఎందుకు చేశానో, ఎవరు చెప్పారో రాసేదాన్ని. కథలు రాస్తోందని నవ్వేవాళ్లు. నవ్వుకోనీ అనుకున్నాను.

మూతికి మాస్కులు ఇంకా ఉన్న రోజులు. బర్ దుబాయ్‌లో చిన్న కంపెనీ, ఓ క్లినిక్‌కు అపాయింట్‌మెంట్ల యాప్ చేస్తున్నాం. మా ముదీర్, అంటే మేనేజరు, కాకినాడ ఆయన; మాది నిజామాబాద్. రోగులకు మెసేజ్ పంపే భాగాన్ని కోడ్ లోపలే బిగించేయమన్నాడు. నేను వద్దన్నాను. దాన్ని బయటినుంచి అందిస్తే, టెస్ట్ చేసేటప్పుడు ఉత్తుత్తిది పెట్టుకోవచ్చు, రోగుల ఫోన్లు మోగవు అని చెప్పాను. డిపెండెన్సీ ఇంజెక్షన్ అని పెద్ద పేరుంది గానీ, సంగతి ఇంతే: మిక్సీకి ప్లగ్గు ఉండాలి, వైరు గోడలో పెట్టి సిమెంటు పూయకూడదు. టైం లేదు, యల్లా, కానీయ్ అన్నాడాయన. చెప్పినట్టే చేసి, కింద రాశాను: "విడిగా పెడదామన్నాను, ముదీర్ వద్దన్నారు."

రెండు వారాలకు ఆయనే టెస్ట్ నొక్కాడు. అపాయింట్‌మెంట్ రద్దయిందని నిజమైన రోగులందరికీ మెసేజ్ వెళ్లిపోయింది. మర్నాడు నా టేబుల్ మీద వార్నింగ్ లెటర్, తప్పు నాదేనని. సంతకం పెడితే రెన్యూవల్‌కు వచ్చిన నా వీసా గోవిందా. ఒళ్లు మండింది. ఆ వాక్యం తెరిచి, లాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను.

చదివి గొంతు తగ్గించాడు. "ఆ లైను తీసేయమ్మా. లెటర్ సంగతి నేను చూసుకుంటాను."

భయం వేసింది, అబద్ధమెందుకు.

"తియ్యను సార్. అండ్ల అబద్ధముంటే చెప్పుండ్రి, అప్పుడు తీస్త."

ఆయన లాప్‌టాప్ మూసి నా వైపు తోశాడు. నేను సీటుకొచ్చి ఆ పంపే భాగాన్ని ఊడబీకి బయట పెట్టాను. కింద రాశాను: "ముదీర్ వద్దన్న పని ఈ రోజు చేశాను." లెటర్ మీద సంతకం పెట్టలేదు, ఆయనా మళ్లీ అడగలేదు. వీసా స్టాంపు పడేదాకా అన్నం సహించలేదు, అయినా ఆ లైను తియ్యలేదు.

ఆ నెలలోనే ముదీర్ చేసిన మార్పొకటి చూశాను. కింద ఖలాస్ లేదు, ఏం చేశాడో, ఎందుకు చేశాడో మూడు వాక్యాలున్నాయి. ఎవరు చెప్తే చేశాడో మాత్రం రాయలేదు.