నాయన మాత్రలు, గని ఉప్పు

ఆ ఆదివారం మా హాల్లో ఉన్నవి: నాయన, అమ్మ, గనిలో నాయనతో పనిచేసి రిటైరైన ఇద్దరు, టేబుల్ ఫ్యాను, బీపీ మిషను, అబిరాటెరోన్ మాత్రల డబ్బా, దానితోపాటు వేసుకోవాల్సిన ప్రెడ్నిసలోన్ స్ట్రిప్పు, ఒక స్టీలు చెంబు. నేనూ ఉన్నాను. మాలూరు ఫ్యాక్టరీలో కొలతలు చూసేవాణ్ని కాబట్టి నన్ను బీపీ మిషనులో భాగంగా లెక్కవేసుకున్నారు.

నాయనకు ప్రొస్టేట్ క్యాన్సర్. వచ్చినవాళ్లెవరూ ఆ మాట అనరు. "ఆ సంగతి ఎట్లుండాది" అని అడుగుతారు. మగ హార్మోనును అణిచే సూది మూడు నెలలకోసారి, మాత్రలు రోజూ పరగడుపున. మాత్రలు మొదలయ్యాక జబ్బు తగ్గుముఖం పట్టింది, బీపీ మాత్రం, దానికిచ్చిన మందుకూ లొంగకుండా, పైకెక్కింది. వచ్చే నెల చెకప్‌కు అది దిగకపోతే క్యాన్సర్ మాత్ర ఆపక తప్పదని, ఆ తర్వాత మిగిలేది కీమోయేనని, ఈ వయసులో నాయన దాన్ని తట్టుకోవడం కష్టమని డాక్టరు చెప్పాడు.

అమ్మ ఊరగాయ, అప్పడాలు మానిపించింది. ఇంటిల్లిపాదీ చప్పిడి తిన్నాం. బీపీ కదల్లేదు. నేను మిషనును అనుమానించి క్లినిక్ మిషనుతో సరిచూశాను. బాగానే ఉంది. పట్టీని అనుమానించాను, చెయ్యి మార్చాను. నాయనను మాత్రం అనుమానించలేదు.

సూది వల్ల నాయనకు ఉన్నట్టుండి సెగలు వచ్చేవి. మొహం ఎర్రబడి చొక్కా తడిసిపోయేది. ఈ విషయమై మిత్రులు రోజూ వచ్చి చర్చించేవారు. ఇది గని అడుగున ఉండే వేడేనని తీర్మానమైంది. ఏ లెవెల్లో వేడో కూడా ఒకాయన చెప్పాడు.

"నాకు ముట్లు నిల్చినప్పుడు ఇదే సెగ ఐదేండ్లు ఉండె," అంది అమ్మ. "అప్పుడు ఒగరన్నా మీటింగు పెట్టినారా అన్నా?"

మీటింగు ఆ అంశాన్ని చేపట్టలేదు.

అంతలో నాయనకు సెగ వచ్చింది. మిత్రులిద్దరిలో పెద్దాయన లేచి, జేబులోంచి పొట్లం తీసి చెంబులో కల్లుప్పు వేసి కలిపి ఇచ్చాడు. నాయన గటగటా తాగేశాడు. అదేమిటని అడిగాను.

"ఉప్పునీళ్లప్పా. కింద చెమట పట్టినోళ్లకి ఇదే ఇస్తా ఉండిరి. తాగకుంటే కండలు పట్టుకుంటాయి."

ఎన్ని చెంబులని అడిగితే, సెగ వచ్చినప్పుడల్లా అన్నారు. ఇన్నాళ్లూ అవి వట్టి నీళ్లేననుకుంది అమ్మ. తిండిలో ఉప్పు తగ్గించావా అని డాక్టరు అడిగినప్పుడు నాయన అబద్ధమేమీ చెప్పలేదు. ఇది తిండి కాదు కదా.

సోడియం, పొటాషియం, ఆ మాత్ర ఒంట్లో ఉప్పును నిలబెట్టి బీపీ పెంచే తీరు అంతా క్యాలెండర్ వెనక బొమ్మ గీసి మరీ వివరించాను. గనిలో సేఫ్టీ ఆఫీసరు ఉపన్యాసం విన్నంత మర్యాదగా ముగ్గురూ విన్నారు. తర్వాత పెద్దాయన ఇంకో చెంబు కలపడానికి లేచాడు.

అమ్మ చెంబు లాక్కుంది. "షిఫ్టు అయ్యి పైకొచ్చినాంక ఎవురన్నా ఉప్పునీళ్లు తాగినారా అన్నా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆలోచించారు. అలాంటి పద్ధతి గనిలో ఎన్నడూ లేదు.

"లేదమ్మా. పైన టీనే," అని ఒప్పుకుని పెద్దాయన నాయన వైపు తిరిగాడు. "ఇంగ నువ్వు పైకొచ్చేసినావప్పా. టీ తాగు."

నాయన వెంటనే చక్కెర ఎక్కువ వెయ్యమన్నాడు. ప్రెడ్నిసలోన్‌తో షుగరు కూడా పెరగవచ్చన్న సంగతి నేను ఆ పూట ఎత్తలేదు.

చెకప్ రోజు డాక్టరు రెండుసార్లు చూసి, అవే మాత్రలు మళ్లీ రాశాడు. బీపీ 134/82.