ఎర్రవి లేకపోతే నీలం గుండీలు

సూదమ్మ అసలు పేరు ఆ సందులో ఎవరికీ గుర్తులేదు. బట్టలు కుడుతుంది, నోరు కూడా సూదిలాగే ఉంటుంది, అందుకని ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ సందులోనే ఆవిడ మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. ఎదురు కొట్లో ఆవిడ అన్న తాళంచెవులు చేస్తాడు. చేతిపనిలో ఇద్దరూ ఘనులే. బుర్రల సంగతి చెప్పుకుంటేనే సిగ్గుచేటు.

కిందటి మున్సిపల్ ఎన్నికల్లో, ఆ సందు కూల్చేసి కార్లు నిలిపే స్థలం చేస్తానంటూ ఒక కాంట్రాక్టరు పోటీకి దిగాడు. కూల్చనివ్వనని సూదమ్మ మొగుడు నిలబడ్డాడు. కూల్చనివ్వనని అన్న కూడా నిలబడ్డాడు! "బావ నిలబడగా లేనిది నేను నిలబడితే తప్పా?" అన్నదొక్కటే ఆయన కారణం. వార్డులో ఎక్కువమంది సందు ఉండాలన్నవాళ్లే. ఆ ఓట్లు బావా బావమరుదులు చెరిసగం పంచుకున్నారు, కాంట్రాక్టరు కౌన్సిలరై కూర్చున్నాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చడమంటే ఇదే. ఆనాటి నుంచి మగాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఒకరోజు చొక్కా గుడ్డ తెచ్చిన ముసలాయన, "ఎర్ర గుండీలు వెయ్యమ్మా. లేకపోతే నీలంవి వెయ్యి. ఆ పసుపువి మాత్రం వద్దు తల్లీ" అన్నాడు. ఎన్నేళ్లుగానో వింటున్న మాటే. ఆరోజు మాత్రం మిషను మీద సూదమ్మ కాలు ఆగిపోయింది. గుండీల దగ్గర ఇంత చక్కగా చెప్పగలిగే మనిషిని ఓటు దగ్గర ఒక్క ముద్ర వేసి పొమ్మంటారేం? ఎర్రవాళ్లూ నీలంవాళ్లూ కొట్టుకున్నారు గనక అందరూ పసుపువే తొడుక్కోండి అంటారేం? ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

ఇక కొలతలు తీస్తున్నా అదే పోరు. పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేద్దాం. ఎవరికీ సగం దాటకపోతే అందరికన్నా వెనకబడినవాణ్ణి తప్పించి, వాడికి పడ్డ ఓట్లు ఆ ఓటర్ల రెండో ఇష్టానికి కలుపుదాం.

"గుడ్డికన్నా మెల్ల నయమని మీరే అంటారుగా! ఆ ముక్క ఓటులో చెప్పనివ్వమంటున్నా, అంతే!"

మెడ చుట్టూ టేపు బిగించి మరీ అడుగుతుంటే కాదనేదెవరు? వీధివీధీ సంతకం పెట్టింది. మొగుడు కూడా వెంట తిరిగాడు. చివరికి కౌన్సిల్ ఆ విషయం చర్చకు తీసుకుంది. అది అక్కడ నెగ్గితే వచ్చే ఎన్నికలు కొత్త పద్ధతిలో జరుగుతాయి, కాంట్రాక్టరు ఇంటికి పోతాడు, సందు బతుకుతుంది.

సరిగ్గా అప్పుడే అన్నగారికి జ్ఞానోదయమైంది. బావ మోసే జెండా తాను మోయడట. అంకెలెందుకు, నచ్చినవాళ్లందరికీ టిక్కులు పెడదాం అంటూ వేరే సంతకాలు పోగేశాడు.

"నీదీ మంచిదే అన్నయ్యా, కానీ ఇప్పుడొద్దు."

"మంచిదైతే ఎందుకొద్దే?"

పోనీ ఆయనదే అడుగుదామంటే మొగుడు ఒంటికాలి మీద లేచాడు. "టిక్కులా? నా బొందిలో ప్రాణముండగా ఒప్పుకోను!"

కౌన్సిల్లో కాంట్రాక్టరు తేనె పూసినట్టు మాట్లాడాడు. "రెండూ బాగున్నాయి. పాతదాంతో కలిపి మూడూ పెట్టండి. ఒక్కొక్కరం ఒక్కసారే చెయ్యెత్తుదాం. ఇంతకన్నా న్యాయం ఏముంది?"

మేయరు సరేనన్నాడు. వెనక బెంచీలోంచి సూదమ్మ లేచి గొంతు చించుకుంది. "వద్దు బాబూ! ముందు పాతది ఉండాలా, పోవాలా అడగండి! మా సందు మునిగింది ఇలాంటి లెక్కతోనే!"

కూర్చోమన్నారు. అంకెలకు కొన్ని చేతులు లేచాయి, టిక్కులకు కొన్ని లేచాయి. ఆ రెండూ కలిస్తే పాతదానికి లేచినవాటికన్నా ఎక్కువే. కలపడం రూలులో లేదు. పాతదే నెగ్గింది.

బయట మెట్ల మీద ఇద్దరినీ నిలదీసింది.

"ఏమయ్యా, నీ అంకెలు దొరక్కపోతే నీ రెండో ఇష్టం ఏది?"

మొగుడు తల దించుకున్నాడు. "మీ అన్నదే."

"నీకో అన్నయ్యా?"

"బావదే. పాతది ఎవడిక్కావాలి?"

"ఆ ఏడుపేదో లోపలికి వెళ్లకముందే ఏడవొచ్చుగా! సందు పోయినా పర్లేదు గానీ మీ మీసాలు మాత్రం దిగకూడదు! థూ, మీ మగతనాలు తగలెయ్య!" ఏడుపు ముంచుకొచ్చింది. దాన్ని కూడా తిట్టింది.

కాంట్రాక్టరుకు ఇక అడ్డు లేకపోయింది. సందు కూల్చినరోజు, విరిగిన చెక్కల మధ్య నుంచి ఆవిడ కుట్టుమిషను మొగుడొకవైపు, అన్నొకవైపు పట్టుకుని లేపారు. తాము పోటీపడ్డ ఎన్నికల తర్వాత వాళ్లిద్దరూ కలిసి పట్టుకున్న వస్తువు అదొక్కటే.

"ఎక్కడ దించమంటావే?" అన్నాడు అన్న.

"మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద. సంతకాలు మళ్లీ మొదలుపెడుతున్నా. అక్కడ కుదరకపోతే ఆ కాంట్రాక్టరు గుమ్మంలో. అదీ కుదరకపోతే మీ ఇద్దరి నెత్తిన!"

ఇద్దరూ మిషను మోసుకుంటూ మున్సిపల్ ఆఫీసు వైపు నడిచారు.