డ్రోన్‌కి తీసిన పాలు

2023లో, వానలు వెనకబట్టాక జరిగిన సంగతి. రుషికొండ దగ్గర డ్రోన్ శిక్షణ కేంద్రంలో ఎగరేయడం నేర్పడం, రిపేర్లు చేయడం, రూల్స్ చెప్పడం నా పని. రూల్స్ దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే పాట: "డబ్బు తీసుకోవట్లేదుగా సార్, మాకేం రూల్?" ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

డేవిడ్ మేస్టారు అలాంటి మనిషి కాదు. స్కూల్లో సైన్సు చెబుతారు, ఆదివారం చర్చి అయ్యాక సరదాగా డ్రోన్ ఎగరేస్తారు. ఆయనది మైక్రో డ్రోన్, అంటే పావుకిలో దాటి రెండు కిలోల లోపుది. దానికి రిజిస్ట్రేషన్ ఉంది. మ్యాప్‌లో గ్రీన్ జోన్ అని చూసుకుంటే గాని పైకి లేపరు. నేవీ, ఎయిర్‌పోర్టు, పోర్టు అన్నీ ఉన్న ఊరు కదా మరి. ఈ సైజు డ్రోన్‌ని సరదాకో సేవకో ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్, అంటే మన భాషలో లైసెన్సు, అక్కర్లేదు. ప్రతిఫలానికి ఎగరేస్తే మాత్రం కావాలి.

ఒకరోజు ఆయన ప్రొపెల్లర్ మార్పించుకోడానికి వచ్చారు. వెంట నూకరాజు, చేతిలో చేపల సంచి. భీమిలి దారిలో ఒక పల్లెలో, ఒడ్డు మీంచి అంతా కలిసి తాళ్లతో లాగే పెద్దవల అతనిది, నాకు పాత స్నేహితుడు. తెగి కొట్టుకుపోయిన ఆ వలని మేస్టారు డ్రోన్‌తో వెతికిపెట్టారట. ఆ వల లేకపోతే లాగేవాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలగదు.

"మరి ఈ చేపలేంటి?" అన్నాను.

"డ్రోన్ పాలు బావా. వల లాగినోడికల్లా వాటాకింద ఒక పాలుంటాది గదా. దీనికీ ఒకటి తీత్తన్నాం. మేస్టారు ఆదివారం ఆదివారం వచ్చి ఎగరేసి వల ఎలగుందో సూత్తన్నారు."

నాకు భయమేసింది. "మేస్టారూ, ఇది కూలీ అవుతుందండీ! ఎవరైనా ఫిర్యాదు చేస్తే సేవ అని ఎలా చెప్తారు? పోలీసులు డ్రోన్ పట్టుకుపోతే, మళ్లీ వల పోయిన రోజు వెతికేదెవరు?"

మేస్టారి ముఖం పాలిపోయింది. "వద్దంటే వినడండీ."

"ఒద్దంటే ఎలగండీ?" నూకరాజు గొంతు లేచింది. "సాయం సేసినోడికి పాలు ఎగ్గొట్టేనంటే ఒడ్డుమీద నన్నేటనుకుంటారు? ఆ రూలు రాసినోడు ఎప్పుడైనా వల లాగేడేటి?"

నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. లైసెన్సు తీసుకోమన్నాను. ఆ శిక్షణకి ఇప్పట్లో సెలవు దొరకదన్నారు మేస్టారు. సంచి బల్ల మీదే ఉండిపోయింది.

కాసేపయ్యాక ఆయనే మెల్లగా అడిగారు. "లాగినవాడికి పాలు అన్నావు కదా రాజూ. నేను లాగితే?"

నూకరాజు ఆయన చేతులు చూసి పకపకా నవ్వాడు. "మీరా? తోలు లేసిపోద్ది మేస్టారూ!"

"లాగిన రోజు డ్రోన్ ఇంట్లోనే ఉండాలి," అన్నాను గట్టిగా. ఇద్దరూ ఒప్పుకున్నారు.

తోలు నిజంగానే లేచింది. మరోసారి వచ్చినప్పుడు రెండు అరచేతులకీ కట్లు, మొహం నిండా సంతోషం. "ఈ కవళ్ల చేపలు నా పాలండీ, డ్రోన్‌ది కాదు," అని సంచి ఎత్తి చూపించారు.

అప్పట్నుంచి క్లాసులో "డబ్బు తీసుకుంటున్నారా?" అని అడగడం మానేశాను. "ఏం తీసుకుంటున్నారు?" అంటాను. జవాబు చెప్పేముందు అందరూ ఓ క్షణం ఆలోచిస్తారు.

తర్వాత ఇంకోసారి వల తెగింది. డ్రోన్ లేచింది, వల దొరికింది. మేస్టారు ఉత్త చేతులతో ఇంటికెళ్లిపోయారు. నూకరాజు ఒక్క చేపా ఇవ్వలేదు. మరుసటి ఆదివారం, చర్చి వదిలి ఆయన వచ్చేదాకా తాడు దగ్గర ఆయన చోట ఎవర్నీ నిలబడనివ్వలేదట.