పట్టనట్టుండే విద్య

ఇంటర్‌లో మా ఇంగ్లిషు సారు ‘నాన్‌చలెంట్’ అనే మాటకు అర్థం రాయించాడు: లోపల ఏమున్నా పైకి పట్టనట్టుండటం. నిజంగానే పట్టకపోతే అది ‘ఇన్‌డిఫరెంట్’ అట. తేడా క్లాసులో ఎవరికీ అంతుపట్టలేదు. నాకు ఆ వేసవిలో మా ఇంట్లోనే ఉదాహరణలతో సహా తెలిసింది.

అక్క పదో తరగతి మూడోసారి రాసింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి కుట్టుమిషను ముందు కూర్చోబెడతానని నాన్న తేల్చేశాడు. అక్కకేమో టీచరు కావాలని. రిజల్టు వేసే పేపరు ఖమ్మం బస్సులో మణుగూరుకు పదకొండింటికి వస్తుంది. మా నానమ్మ లెక్కలో, దేనికోసమైనా ఎదురుచూస్తున్నట్టు కనబడితే దిష్టి తగిలి అది చేజారుతుంది. కాబట్టి ఆ పొద్దున ఇంటిల్లిపాదీ నాన్‌చలెంట్.

“రిజల్టా? వచ్చినప్పుడొస్తది,” అంది అక్క, మూడోసారి జడ విప్పి అల్లుకుంటూ.

“అవ్, మనకేంది,” అన్నాడు నాన్న, కళ్ళజోడు జేబులో పెట్టుకుంటూ. గనిలో ఆయనది ఆరోజు రెండో షిఫ్టు. సైకిలుకు గాలి కొట్టించాలని బయల్దేరాడు. అమ్మకు ఉన్నట్టుండి ఉప్పు అవసరమైంది. వారంగా మోకాళ్ళ నొప్పులని గడప దిగని నానమ్మ, ఎవరికో ఒంట్లో బాగాలేదని పరామర్శకు వెళ్ళింది. అక్క చెప్పకుండానే మాయమైంది. నేను ఇంటికి తాళం వేశాను. నన్నెవరూ అడగలేదు కనక సాకు వెతుక్కునే పని తప్పింది.

బస్టాండు పక్క పేపరు కొట్టు దగ్గర నాన్న గట్టిగా ఉన్న టైరునే మళ్ళీ మళ్ళీ నొక్కి చూస్తున్నాడు. నానమ్మ బెంచీ మీద కూర్చుంది. అమ్మ కొట్టు ముందే నిలబడింది. అక్క గాజుల బండి చాటున ఉంది. ఎవరికీ ఎవరూ కనబడటం లేదు.

“అమ్మా, ఉప్పు గీడ దొరుకుతదా?” అన్నాను.

“నోరు మూస్కోరా. బస్సొస్తాంది.”

బస్సు పేపర్ల కట్ట దింపేసి వెళ్ళిపోయింది. కొట్టతను తాడు కోసి, “నంబరు చెప్పుండ్రి!” అని అరిచాడు. అక్క ముందుకొచ్చి నోరు తెరిచేలోపే వెనక నుంచి నాన్న, అమ్మ, నానమ్మ ఒక్క గొంతుతో మొత్తం నంబరు అప్పజెప్పారు.

అతని వేలు పేజీ కిందికి జారి, ఆగింది. “ఉంది చెల్లె. థర్డ్ క్లాసు.”

“మల్లొక్కసారి చూడన్నా,” అంది అక్క.

“ఉందమ్మా!”

“ఇంకొక్కసారి.”

నానమ్మ కళ్ళొత్తుకుంటూ బస్సు దుమ్ము పడిందంది. బస్సు వెళ్ళి పావుగంటైంది.

నాన్న ముఖంలో మాత్రం ఏ కదలికా లేదు. “సర్లే. ఎక్కు, పోదాం,” అన్నాడు. అక్క వెనక క్యారియరు మీద కూర్చుంది. ఇల్లు నేరుగా ఉంటే సైకిలు ఎడమకు తిరిగి, మా కాలనీలోని ప్రతి వీధీ చుట్టడం మొదలుపెట్టింది, గంట కొట్టుకుంటూ. నేను వెనక పరుగు.

“ఏందన్నా, గట్ల గంట కొడుతున్నవ్?” అని ఒకాయన వాకిట్లోంచి అడిగాడు.

“ఏం లేదే, బ్రేకులు పడ్తలెవ్వు!” అని నాన్న ఇంకా గట్టిగా మోగించాడు. సైకిలు అప్పుడు మిట్ట ఎక్కుతోంది.