చక్రంలో కదిలిన కారు

1953లో నేను నాంపల్లిలో మా బావ మోటారు షెడ్డులో పనిచేసేవాణ్ణి. ఒకరోజు ఒక పాత కారు చక్రాలు విప్పి, కారును ఇటుకల మీద నిలిపాం. బావ దాని కింద దూరి పనిలో పడ్డాడు. నేను అటు వీపు పెట్టి కూర్చుని, ఒక చక్రానికున్న పాత రంగంతా గీకి, అద్దంలా మెరిసేదాకా రుద్దాను. అందులో నా ముఖమూ, వెనకున్న కారూ కనిపించాయి. చూస్తుండగానే కారు ఒరిగింది. నా చేతిలో చక్రమే కదిలిందనుకున్నాను. తిరిగి చూస్తే ఇటుకలు పగులుతున్నాయి.

“బావా, బయటికి రా!” అని అరుస్తూ అతని కాళ్లు పట్టి లాగాను.

“ఏందిరా, ఏమైంది?” అని బయటపడ్డ బావ అంటుండగానే కారు ధభీమని కూలింది.

కాసేపటికి అక్క అన్నం తెచ్చింది. “సల్లారిపోతది, తినుండ్రి” అంది. బావ అన్నం కలుపుతుంటే ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. మనవాళ్లు ఎదురుగా కూర్చుని అన్నం తినడం ఎంత పెద్ద విషయమో నాకు ఆ పూటే తెలిసింది.