పెద్దమ్మ పొత్తు

ఫోన్ వచ్చేసరికి నేను సిరిసిల్లలో మా పుట్టింట్లో ఉన్నాను. "పెద్దమ్మ పోయింది" అన్నారు కోరుట్ల నుంచి మా ఆయన. జగిత్యాల ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక కాస్త కోలుకుందనే విన్నాను. ఏడుస్తూ చెప్పులు వేసుకుంటుంటే, సాంచెలనే మరమగ్గాల మీద నేతపని ముగించుకుని అప్పుడే వచ్చిన మా నాయిన "పా, నేను గూడ అత్త" అంటూ తనూ బయల్దేరాడు. ఆ ఏడుపులోనూ నాకు ఆశ్చర్యమేసింది.

ఆమె మా ఆయనకు పెద్దమ్మ. వరుసకు నాకు అత్త అవుతుంది గానీ, నేనూ పెద్దమ్మ అనే పిలిచేదాన్ని. కోరుట్లలో మా పక్కిల్లే ఆమెది. నా పుట్టింటివాళ్లది ఇంటినిండా దేవుళ్ల పటాలున్న నేత కుటుంబం. ప్రేమించి, చర్చికి వెళ్లే ఇంటికి కోడలినయ్యాను. నాయిన నన్ను వదులుకోలేదు. ఎప్పుడైనా కోరుట్ల వచ్చి చూసి పోయేవాడు, కానీ మా ఇంట్లో మంచినీళ్లయినా ముట్టేవాడు కాదు. "ఇప్పుడే తిని అచ్చిన బిడ్డా" అనేవాడు, బస్సు దిగి నేరుగా వచ్చినా సరే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమనేది.

చర్చిలో ప్రభు భోజనమప్పుడు విరిచి అందరికీ పంచే రొట్టె చేసేది పెద్దమ్మే. బీడీల చాట పక్కన పెట్టి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, గోధుమపిండి కలిపేది. ఆ రొట్టె ఒక్కనాడైనా గుండ్రంగా వచ్చిన పాపాన పోలేదు. మా పాస్టరు అయ్యగారు ఆటపట్టిస్తే, "ఇరగ్గొట్టేదానికి గుండ్రమెందుకు అయ్యగారూ" అనేది.

అయ్యగారిది గోదావరి వైపు. ఆయన మా సంఘానికి కొత్తగా వచ్చిన రోజుల్లో పెద్దమ్మ ప్రార్థన చేస్తూ, "ప్రభువా, మమ్ములందర్ని నీ పొత్తుల ఉంచుకో" అంది. అవి ఎన్నికల రోజులు. ఆరాధన అయ్యాక ఆయన, "పొత్తు ఏ పార్టీతో పెద్దమ్మగారూ?" అని అమాయకంగా అడిగారు. అందరం పడీ పడీ నవ్వాం, అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది. "పార్టీ గాదయ్యా. ఒక్క కంచంల కలిసి తింటె పొత్తు. తల్లి కంచంల పిల్లలు తింటరు సూడు, గది" అంది. తర్వాత ఆయన కూడా, సహవాసం అంటే మన పెద్దమ్మ చెప్పే పొత్తే అని వాక్యం చెప్పేవారు.

మాది కలగలుపు సంఘం. రెండు వాడల వాళ్లు, కల్లు గీసే ఇంటి కోడలొకామె, ఒడిశా నుంచి పనికి వచ్చిన ఒక జంట. ప్రభు భోజనంలో అందరూ ద్రాక్షారసం ఒకే గిన్నెలోంచి తాగాలి. తమకంటే ముందు ఎవరు తాగుతున్నారో ఓరగా చూసుకునే కళ్లు మాలోనూ ఉండేవి, దాచడమెందుకు! పెద్దమ్మ మాత్రం ఎప్పుడూ వరుసలో చివరన నిలబడేది. ఎందుకని అడిగాను. "అందరు తాగినంక తాగితె, అందరితోని తాగినట్టు" అంది.

బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఆ రొట్టె, ఆ రసం. నేను తీసుకోలేదు కనుక వెనక చాప మీదే ఉండిపోయేదాన్ని. ఆ నియమాన్ని ఆమె ఎన్నడూ మీరలేదు. కానీ ఆ ఆదివారాల్లో నన్ను తన ఇంటికి తీసుకుపోయి, ఒకే కంచంలో అన్నం, పచ్చిపులుసు కలిపి "తిను" అనేది. నేను బాప్తిస్మం తీసుకుంటే ఇక నా గడప తొక్కనని నాయిన అన్నాడని ఒకసారి చెప్పుకుని ఏడ్చాను. ఆమె కలుపుతున్న చెయ్యి ఆపింది.

"తొందరేంది బిడ్డా? నాయిన మనసు ఇరగ్గొట్టి తినే రొట్టె గొంతు దిగది. ముందుగాల ఆయన నీ ఇంట్ల ఒక్క ముద్ద తిననీ. గది సూడాలె నేను. తర్వాత నీ ఇష్టం, ప్రభువు ఇష్టం."

అప్పటినుంచి నాయిన వచ్చి వెళ్లిన ప్రతిసారీ గోడ మీదుగా తొంగిచూసి, "తిన్నడా?" అని అడిగేది. లేదని తలూపేదాన్ని. "తింటడు తియ్యి" అంటూ బీడీలు చుట్టుకోవడానికి వెళ్లిపోయేది. ఇప్పుడు రోజుకు ఎన్నిసార్లు ఆ గోడ వైపు చూస్తున్నానో నాకే తెలియదు.

ఆరోజు కోరుట్ల బస్సులో నాయిన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గర పడ్డాక అన్నాడు: "నువ్వు పురుటికి అచ్చినప్పుడు పిల్లను సూడనీకి మీ పెద్దమ్మ అచ్చింది గదా. మనింట్ల కడుపునిండ తిని పోయింది." అంతే, మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

సమాధి దగ్గర ప్రార్థన ముగిశాక చర్చి ఆవరణలో అన్నం, పప్పు పెట్టారు, నేనూ వడ్డిస్తున్నాను. ఒడిశా జంట పక్కన ఒక విస్తరి ఖాళీగా ఉంది. నాయిన గేటు దగ్గర నిలబడి అటే చూస్తున్నాడు. రమ్మని పిలవడానికి నాకు భయమేసింది. ఆయనే నడిచి వచ్చి ఆ విస్తరి ముందు కూర్చున్నాడు.

"ఆకలైతాంది. ఇంత అన్నం పెట్టు బిడ్డా."

అన్నం పెట్టి, పప్పు వేశాను. ఆయన కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఈ సంగతి పరుగెత్తుకెళ్లి చెప్పుకోవాల్సిన మనిషి నాకు ఒక్కతే ఉండేది. ఆమెను అప్పుడే మట్టిలో పెట్టి వచ్చాం. నాయిన తలెత్తకుండా తింటున్నాడు. వరుసలో అవతలి వాళ్లు పప్పు కోసం పిలుస్తున్నా, గిన్నె పట్టుకుని ఆయన ముందే నిలబడిపోయాను.