గుత్రా కింద చెవులు

పిల్ల మేనమామ నా జీతం, సెలవులు, అలవాట్లు అన్నీ ఫోన్‌లో విచారించి, ఇక పిల్లను చూపించబోతుండగా నా మెడ మీదికి వెచ్చగా ఏదో జారింది. చెమట అనుకున్నాను. అవతల ఆయన ముఖం మారాక రక్తమని తెలిసింది.

ఆ రోజుల్లో జెద్దాలో మా గదివాళ్ల పెళ్లిచూపులన్నీ వీడియో కాల్‌లోనే అయ్యేవి. ఉన్న ఒక్క మంచి దుప్పటిని గోడకు కట్టి, దాని ముందు మనిషిని కూర్చోబెట్టేవాళ్లు. నేను ఏసీలు బాగుచేసేవాణ్ని. నా చెవులు తెరిచిన తలుపుల్లా ఉండేవి (హెల్మెట్ ఆగేది వాటి మీదే). పిల్ల తరఫువాళ్లు చూసేలోగా వాటిని వెనక్కి సర్దించుకుందామని క్లినిక్‌కు వెళ్లాను. ఆపరేషన్ ఒక పూట పని. కోలుకోవడమే పెద్ద ఉద్యోగం. చెవుల వెనక వంకాయ రంగు మెడ దాకా దిగింది. ఏ పక్కకూ ఒత్తిగిలకూడదన్నారు. గోడకు ఆనుకుని కూర్చుని అందరి గురకలూ వింటూ అలిసిపోయాను. కట్టు విప్పాక పెళ్లిచూపులని నా లెక్క. అటువాళ్లు ముందుకు జరిపారు.

మా గదిలో పెద్దవాడిని అందరం కాక అనేవాళ్లం. ఆయన అక్కడివాళ్లు తలకు చుట్టుకునే ఎర్రగళ్ల గుత్రా తెచ్చి, కట్టు కనబడకుండా నా తలకు బిగించాడు.

"షేక్ లెక్కున్నవ్ పో!"

"గుంజుతుంది కాకా."

"పెండ్లంటే గుంజదారా?"

అలా గుంజీ గుంజీ చివరికి కారింది.

"ఆ నెత్తురేంది పిలగా?" అన్నాడు మేనమామ.

"బాత్రూంల జారిండు" అన్నాడు కాక, నన్ను నోరెత్తనివ్వకుండా.

"నేను సౌదీలనే హాయిల్‌ల పదేండ్లు జేసిన. పనిల వెట్టుకున్న కఫీల్ కొట్టినప్పుడల్లా నేను గూడ ఇంట్ల గదే చెప్పేటోణ్ని. గుడ్డ తియ్యుమను."

తీశాను. ఎర్రబడిన కట్టు, నల్లబడిన మెడ చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు. "అసుంటి యజమాని కింద చేసేటోనికి పిల్లనెట్లిస్తం?" (పాపం మా కఫీల్ సెలవిచ్చి, పైగా ఖర్జూరాలు పంపించాడు.)

సంబంధం పోతోంది. పరువు పోయినా సరే అనుకున్నాను. "ఎవ్వలు కొట్టలే మామా. చెవులు బయటికున్నయని నేనే ఆపరేషన్ చేయించుకున్న."

కాక తల దించుకున్నాడు. ఫోన్ వెనక నుంచి ఆడపిల్ల నవ్వు వినిపించింది. ఆమె గొంతు వినడం అదే మొదలు.

"రెండూనా?" అంది.

"రెండూ" అన్నాను.

"ముందుగాల దవాఖానకు పొమ్మను మామా. ముచ్చట తర్వాత."

క్లినిక్‌లో కుడి చెవిలో గడ్డకట్టిన రక్తం తీసి, చీవాట్లు పెట్టి, మళ్లీ కట్టారు. వంకాయ రంగు ఆకుపచ్చయి, పసుపయి, చివరికి పోయింది. సంబంధం మాత్రం నిలిచింది. కానీ ఆ కుడి చెవి కొన్ని నెలల్లో మెల్లగా ముందుకొచ్చేసింది. ఎడమది డాక్టర్ పెట్టినచోటే ఉంది. ఇప్పుడు జుట్టు పలచబడి రెండూ తేటగా కనిపిస్తున్నాయి. మళ్లీ కోయించుకునే ఓపిక నాకు లేదు.

ఈ రెంటిలో ఏది బాగుందని మా ఆవిడను అప్పుడప్పుడు అడుగుతుంటాను. ఆమె అటు పక్కకొకసారి, ఇటు పక్కకొకసారి వచ్చి నిలబడుతుంది.

"ఇంకా సూస్తున్న" అంటుంది.